అండమాన్‌లో గాలం వేట: దీవులకు, చేపకు చేటు చేయకుండా ఎలా వెళ్ళిరావాలి

అండమాన్‌కు గాలం వేటకు వెళ్ళాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ‘ఏ రాడ్ కొనాలి?’ అని. నిజానికి అది మూడో ప్రశ్న. ఎప్పుడు వెళ్ళాలన్నది మొదటిది, ఎవరి బోటు ఎక్కాలన్నది రెండోది. ఈ రెండూ తప్పితే లక్ష రూపాయల సామాను వెంట ఉన్నా ఉపయోగం లేదు. వెళ్ళకూడని చోటికి వెళ్తారు, పగడపు దిబ్బ మీద లంగరు పడేస్తారు, బతకాల్సిన చేపను చంపి తిరిగొస్తారు. అందుకే ఇక్కడ అంతా ఆ వరసలోనే చెప్తున్నాం.

తేదీలు పంచాంగం చూసి పెట్టుకోండి

నైరుతి రుతుపవనం కేరళకన్నా ముందే అండమాన్‌ను తాకుతుంది, మామూలుగా మే మూడో వారంలో. అక్కణ్ణించి సెప్టెంబరు దాకా పడమటి వైపు సముద్రం చిన్న బోట్లకు పనికిరాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో తుపాన్ల భయం ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు నీళ్ళు తేటగా, గాలి తక్కువగా ఉంటాయి. మొదటిసారి వెళ్ళేవారు ఆ నెలలే చూసుకోండి.

ఏప్రిల్ 15 నుంచి మే 31 వరకు, అంటే 47 రోజులు, ఆ జలాల్లో ట్రాలింగ్‌ (మరబోటుతో వల ఈడ్చి పట్టే వేట) మీద ఏటా నిషేధం ఉంటుంది. మన ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే 61 రోజుల నిషేధం లాంటిదే ఇదీ. చేప గుడ్లు పెట్టే కాలం కదా. గాలం వేటకు ఆ రోజుల్లో బోటు దొరికినా, ప్రయాణం ముందుకో వెనక్కో జరుపుకోవడమే మంచిది.

నెల కుదిరాక తిథి చూడండి. పౌర్ణమి, అమావాస్య దాటిన రెండు మూడు రోజులు ఆటుపోట్ల తేడా ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆ రోజుల్లో అది 2 మీటర్ల దాకా ఉంటుంది. సప్తమి, అష్టమి రోజుల్లో నీళ్ళు బద్ధకంగా కదులుతాయి. పెద్ద వేటచేపలు నీటి ఉరవడి దిబ్బను తాకే అంచున కాపుకాస్తాయి. ఉరవడి లేకపోతే అవి కదలవు. నాలుగు రోజులే ఉండగలిగితే ఆ నాలుగూ పౌర్ణమి అటూ ఇటూ పడేలా టికెట్లు తీసుకోండి. ఈతకు, స్నార్కెలింగ్‌కు మాత్రం ఇదే ఉరవడి ప్రమాదం. వెంట పిల్లలుంటే వాళ్ళ ఈత రోజులు అష్టమి వైపు పెట్టుకోండి.

గడియారం సంగతి ఒకటుంది. దేశమంతటికీ ఒకే సమయం, అండమానేమో బాగా తూర్పున ఉంది. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. తెల్లవారుతుండగానే బోటెక్కి మధ్యాహ్నం మూడింటికల్లా వెనక్కి తిరిగేలా రోజును వేసుకోవాలి. చీకట్లో దిబ్బల మధ్య బోటు నడపమని ఎవరినీ ఒత్తిడి చేయకండి.

ప్రయాణం, అనుమతులు

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. హావ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ ఐలాండ్ షహీద్ ద్వీప్. టికెట్ల మీద కొత్త పేర్లూ, జనం నోట పాత పేర్లూ వినబడతాయి, రెండూ గుర్తుంచుకోండి. విశాఖపట్నం నుంచి ఓడ కూడా ఉంది. రెండున్నర రోజుల ప్రయాణం, నెలకు ఒకటో రెండో, తేదీలు చివర్లో మారుతుంటాయి. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్ళేవాళ్ళకు విమానమే నయం. రాడ్ రెండు మూడు ముక్కలుగా విడిపోయేదైతే విమానంలో గొడవ ఉండదు. గాలాలు, జిగ్గులు (లోతుకు దింపే బరువైన లోహపు ఎరలు), కటింగ్ ప్లయర్ చెకిన్ సామానులో పెట్టండి. బ్యాటరీలు చేతిసంచీలో ఉండాలి.

భారతీయులకు అండమాన్‌లోని ప్రధాన దీవులకు వేరే అనుమతి అక్కర్లేదు, ఆధార్ కార్డు చాలు. నికోబార్ దీవులు గిరిజన రక్షిత ప్రాంతం, విహారయాత్రకు అటు వెళ్ళే వీలు లేదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులు మీతో వస్తుంటే, ఏయే దీవుల్లో వాళ్ళు ఉండవచ్చో బయల్దేరక ముందే తెలుసుకోండి. వాళ్ళకు గట్టిగా చెప్పాల్సిన మాట మరొకటి ఉంది. శాటిలైట్ ఫోనుగానీ, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసేజ్ పరికరంగానీ మన దేశంలోకి అనుమతి లేకుండా తీసుకురాకూడదు. అమెరికాలో కొండలెక్కేవాళ్ళ సంచీలో మామూలుగా ఉండే వస్తువే అయినా, ఇక్కడి విమానాశ్రయంలో అది కేసు అవుతుంది. డ్రోన్ విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి.

ఎక్కడ గాలం వేయకూడదో ముందు తెలుసుకోండి

వండూర్ దగ్గర 1983లో ఏర్పడ్డ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ 15 దీవులను కలుపుకుని 281 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. హావ్‌లాక్ పక్కనే రాణీ ఝాన్సీ మెరైన్ నేషనల్ పార్క్ ఉంది, 1996లో వచ్చింది. ఈ రెంటిలోనూ చేపల వేట నిషేధం. నీటి మీద గీత కనబడదు కాబట్టి ‘తెలియక వచ్చాం’ అనేవాళ్ళు ఎక్కువ. ఫోన్‌లో పార్కు సరిహద్దుతో ఉన్న పటం దింపుకుని ఉంచుకోండి. ఒడ్డు దాటితే సిగ్నల్ ఉండదు.

నార్త్ సెంటినెల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 9 కిలోమీటర్లు, ఎవరూ వెళ్ళకూడదు. ఇది మన భద్రత కోసం మాత్రమే పెట్టిన నియమం కాదు. బయటి జలుబును కూడా తట్టుకునే శక్తి అక్కడ ఒంటరిగా బతికే ఆదిమ తెగవాళ్ళ ఒంట్లో ఉండదు. 2006లో లంగరు పట్టు తప్పి, రాత్రి నిద్రలో పడవ ఆ తీరానికి కొట్టుకుపోయి ఇద్దరు చేపలు పట్టేవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాబట్టి పడమటి వైపు రాత్రి వేట పెట్టుకోకండి. జారవా తెగవాళ్ళ ప్రాంతపు తీరం కూడా అలాగే నిషిద్ధం. ఆ ప్రాంతం మీదుగా రోడ్డు మీద కాన్వాయ్‌లో వెళ్ళేటప్పుడు వాళ్ళను ఫొటో తీయడం, తినడానికి ఏమైనా ఇవ్వడం నేరం.

పోర్ట్ బ్లెయిర్‌కు 135 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బ్యారెన్ ఐలాండ్ దేశంలో మండుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం. అక్కడ దిగనివ్వరు. చుట్టుపక్కల వేటకు పెద్ద బోట్లు వెళ్తాయి గానీ, దానికి అనుమతి కాగితాలు విడిగా ఉండాలి. అవి చూపించమని అడగండి.

బోటు ఎంచుకోవడం

ఫోన్ చేసి ధర కనుక్కోవడంతో ఆగిపోకండి. మత్స్యశాఖ లైసెన్సు ఉందా, బోటు రిజిస్ట్రేషన్ కాగితం ఉందా, ఇంజన్లు రెండా, మనిషికొక లైఫ్ జాకెట్ ఉందా, వీహెచ్‌ఎఫ్ రేడియో పనిచేస్తోందా అని వరసగా అడగండి. ఇంధనం లెక్క కూడా అడగండి: వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, మిగిలిన వంతు ముట్టుకోకుండా ఉంచాలి. ఆపదలో కోస్ట్ గార్డ్ నంబరు 1554, రేడియోలో 16వ ఛానల్. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో లాడ్జిలో రాసిచ్చి వెళ్ళండి.

ఆ తర్వాత రెండు ప్రశ్నలు తప్పక అడగాలి. ఒకటి: ‘లంగరు ఎక్కడ వేస్తారు?’ మంచి సరంగు ‘ఇసుక మీదే, లేదంటే వేయను, బోటును నీటి వాలుకు వదిలేస్తాను’ అంటాడు. పగడం మీద పడ్డ లంగరు గాలికి బోటు ఊగిన ప్రతిసారీ అటూ ఇటూ ఈడ్చుకుపోతుంది. కొమ్మల పగడం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పెరుగుతుంది, గుండ్రటి బండ పగడం ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు. మంచం అంత వెడల్పున్న బండ పగడం మన తాతల కాలం నాటిది. ఇసుక మీద వేసినా లోతుకు అయిదు రెట్లు తాడు వదలాలి. తాడు పొట్టిగా ఉంటే లంగరు నిలబడిపోయి పట్టు తప్పుతుంది, అప్పుడు కూడా దిబ్బ మీదికే జారుతుంది.

రెండు: ‘పట్టిన చేపను ఏం చేస్తారు?’ గోడకు వేలాడదీసిన చేపల వరసలే ఫొటోల్లో గొప్పగా చూపిస్తున్నారంటే ఆ బోటు వదిలేయండి.

పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు బాగా వినబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు అక్కడ ఎక్కువ. తెల్లవారుజామున వెళ్ళి ‘అన్నా, ఈ వారం నీళ్ళెలా ఉన్నాయి, గాలి ఎటు?’ అని అడిగితే, యాప్‌లో దొరకని సంగతి తెలుస్తుంది. అయితే వాళ్ళ చిన్న డుంగీలు సరుకు వేటకు లైసెన్సు ఉన్నవి, మనుషుల్ని ఎక్కించుకోవడానికి కాదు. డబ్బు ఆశ చూపి ఎక్కడం వాళ్ళ జీవనాధారానికే ముప్పు తేవడం.

సామాను: బలహీనమైన తాడు చేపను చంపుతుంది

అండమాన్‌లో అందరూ కోరుకునే చేప జెయింట్ ట్రెవల్లీ, గాలం వేసేవాళ్ళ మాటలో జీటీ. మన తీరంలో పార అనే చేపల్లో అన్నిటికన్నా పెద్దది, 50 కిలోలు దాటగలదు. ‘సన్న తాడుతో పెద్ద చేప పట్టాం’ అని చెప్పుకోవాలనే సరదా ఇక్కడ వద్దు. పోరాటం ముప్పావుగంట సాగితే చేప కండరాల్లో ఆమ్లం పేరుకుపోతుంది. వదిలేసినప్పుడు ఈదుకుంటూ వెళ్ళినట్టే కనబడుతుంది, కానీ తర్వాత చచ్చిపోతుంది, లేదా అలసిన దాన్ని సొరచేప కొట్టేస్తుంది. పది నిమిషాల లోపు బోటు పక్కకు తేగల సామాను కావాలి.

నీటి పైన చప్పుడు చేస్తూ తేలే కృత్రిమ ఎరను పాపర్ అంటారు. దాన్ని విసరడానికి 80 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన) తాడు కనీసం 300 మీటర్లు, చివర 130 నుంచి 170 పౌండ్ల నైలాన్ లీడర్ (ఎర దగ్గర కట్టే లావు తాడు) రెండు మీటర్లు. రెంటినీ ఎఫ్‌జీ ముడితో కలపండి. ఇంట్లోనే పదిసార్లు వేసి, చేతికి గుడ్డ చుట్టుకుని బలంగా లాగి చూడండి. బోటు ఊగుతున్నప్పుడు మొదటిసారి నేర్చుకునే ముడి కాదది. రీల్ బిగింపును కూడా ఒడ్డునే సరిచేసుకోవాలి. తాడు చివర స్ప్రింగ్ కాటా తగిలించి, రాడ్ వంచి లాగితే కాటా 10 నుంచి 12 కిలోలు చూపించిన దగ్గర తాడు జారడం మొదలవ్వాలి. తాడు బలంలో మూడో వంతు అది. అంతకు మించి బిగిస్తే తాడు దిబ్బకు రాసుకుని తెగుతుంది, నోట్లో పాపర్‌తో చేప పోతుంది. లోతు వేటకు 150 నుంచి 300 గ్రాముల జిగ్గులు, 50 నుంచి 80 పౌండ్ల బ్రెయిడ్ సరిపోతాయి.

ఇక గాలాలు. దుకాణంలో కొన్న పాపర్‌కు సాధారణంగా మూడు కొక్కేల గాలాలు రెండు ఉంటాయి. అంటే ఆరు మొనలు. ఒకటి నోట్లో దిగితే మిగిలినవి కంటికో మొప్పకో పట్టుకుంటాయి. వాటిని తీసేసి ఒంటి కొక్కెం గాలాలు వేయండి. తర్వాత ప్లయర్ తీసుకుని, మొన వెనకాల వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును నెమ్మదిగా నొక్కి చదును చేయండి. ఒక్కసారిగా గట్టిగా నొక్కితే మొన విరుగుతుంది. చదునయ్యాక ఆ గాలాన్ని పాత చొక్కా గుడ్డలో గుచ్చి వెనక్కి లాగండి. గుడ్డ పట్టుకోకుండా బయటికొస్తే సరిగా నొక్కినట్టు. ముల్లు లేకపోతే చేప జారిపోతుందేమోనని భయపడేవాళ్ళుంటారు. తాడు బిగువు సడలనివ్వకపోతే జారదు. ఊగే బోటులో గాలం మీ చేతిలోనే దిగినప్పుడు కూడా ఈ చదును చేసిన మొనే సులువుగా బయటికొస్తుంది. ఎరతో వేసేవారు సర్కిల్ గాలం (మొన లోపలికి వంగి ఉండేది) వాడండి. అది గొంతులోకి పోకుండా పెదవి మూలన పట్టుకుంటుంది. చేప లాగినప్పుడు రాడ్ ఒక్కసారిగా ఎత్తకూడదు, నెమ్మదిగా రీల్ తిప్పాలి. మనలో చాలామందికి ఎత్తే అలవాటే ఉంది, అందుకే సర్కిల్ గాలంతో చేప పడలేదంటారు.

బోటు పక్కన రెండు నిమిషాలు

వదిలేసిన చేప బతుకుతుందా లేదా అన్నది ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. చేప అలసి పక్కకు తిరగకముందే ప్లయర్, కెమెరా, తడిపిన పరుపు సిద్ధంగా ఉండాలి. చేప బోటులోకి వచ్చాక ఫోన్ వెతకడం మొదలెడితే ఆలస్యమైపోయినట్టే.

వీలైతే నీళ్ళలోనే గాలం తీసి వదిలేయండి. ఫొటో కావాలంటే బోటు నేల మీద, కూర్చునే చోట బకెట్‌తో నీళ్ళు పోయండి. ఎండకు కాలిన ఫైబర్ నేల చేప ఒంటి మీది జిగురును ఊడదీస్తుంది, ఆ జిగురే దానికి చర్మరోగాల నుంచి కాపు. చేతులూ తడుపుకోండి, పొడిగుడ్డ వాడకండి. ఒక చేయి తోక మొదట, ఇంకో చేయి పొట్ట కింద, చేపను మీ తొడల మీద అడ్డంగా పెట్టుకోండి. దవడ పట్టి నిలువుగా వేలాడదీయకూడదు. నీళ్ళలో బరువే తెలియని శరీరం అది, 20 కిలోల చేపను దవడకు వేలాడదీస్తే మెడ దగ్గర కీలు చీలుతుంది, లోపలి అవయవాలు కిందికి జారతాయి. మొప్పల్లో వేళ్ళు పెట్టకండి. మీరు ఊపిరి బిగబట్టండి. మీకు ఉక్కిరిబిక్కిరి అయ్యే లోపు చేప తిరిగి నీళ్ళలో ఉండాలి.

తిరిగి దించాక తోక పట్టుకుని, తల నీటి ఉరవడికి ఎదురుగా ఉంచండి. బోటు నెమ్మదిగా ముందుకు కదులుతుంటే నోట్లోంచి నీళ్ళు మొప్పల మీదుగా పారతాయి. ముందుకూ వెనక్కూ ఊపడం చాలామంది చేసే తప్పు. వెనక్కి లాగినప్పుడు నీళ్ళు ఎదురు తిరిగి మొప్పల్లోకి పోతాయి. చేప మీ చేతిలోంచి తోక విదిలించుకునే దాకా పట్టుకుని, అప్పుడు వదలండి. చుట్టూ సొరచేపలు తిరుగుతుంటే ఆ చోట వేట ఆపేసి ఇంకో దిబ్బకు మారండి. అక్కడ ఏది వదిలినా వాటి నోట్లోకే.

లోతు నుంచి తెచ్చిన చేప సంగతి వేరు

నీళ్ళలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 30 మీటర్ల లోతులో ఉన్న గ్రూపర్‌నో స్నాపర్‌నో పైకి తెస్తే, దాని గాలితిత్తిలోని గాలి నాలుగు రెట్లు ఉబ్బుతుంది. కళ్ళు పొడుచుకొస్తాయి, కడుపు నోట్లోంచి బయటికొస్తుంది. అలాంటి చేపను వదిలేస్తే కిందికి పోలేక పైనే తేలుతూ పక్షుల పాలవుతుంది. బయటికొచ్చిన కడుపును సూదితో పొడిస్తే గాలి పోతుందనుకుంటారు, పోదు, అది గాలితిత్తి కాదు.

చేయాల్సింది దాన్ని తిరిగి లోతుకు దించడమే. ఒకటిన్నర నుంచి రెండు కిలోల సీసం కట్టిన, ముల్లు లేని పెద్ద గాలాన్ని తలకిందులుగా చేప కింది దవడకు తగిలించి, తాడుతో కనీసం 15 మీటర్ల కిందికి దించండి. పైనుంచి ఒక్క కుదుపు ఇస్తే గాలం ఊడి చేప దాని దారిన పోతుంది. ఈ సరంజామా బోటులో లేకపోతే లోతులో గ్రూపర్ల కోసం వేయకండి. తినడానికి కావాల్సినవి పట్టగానే లోతు వేట ఆపేయడం ఇంకా మేలు.

తినడానికి ఏది ఉంచుకోవాలి

సూర, చిన్న వంజరం త్వరగా పెరిగే చేపలు, మనిషికొక పూట కూరకు ఒకటి రెండు చాలు. పట్టగానే మొప్ప కోసి రక్తం పోనిచ్చి, చేప బరువుకు సమానంగా ఐసు వేయండి. ఐసు లేకుండా ఎండలో గంటలు ఉన్న సూరలో హిస్టమిన్ పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు, ముఖం ఎర్రబారి గుండె దడ వస్తుంది.

పెద్ద గ్రూపర్‌ను వదిలేయండి. చాలా గ్రూపర్ జాతులు ఆడగా పుట్టి, పెద్దయ్యాక మగగా మారతాయి. పెద్దవాటిని ఏరితే ఆ దిబ్బ మీద మగవే మిగలవు. చిలుకచేప కూడా వద్దు. పగడం మీద పేరుకునే నాచును గీకి తినేది అదే. 2010లో వేడికి అండమాన్ పగడాలు తెల్లబడి చాలా చచ్చాయి. అలాంటి దెబ్బ తర్వాత నాచు కప్పేయకుండా ఉంటేనే పిల్ల పగడం నిలుస్తుంది. పెద్ద బ్యారకుడా, పెద్ద స్నాపర్, పెద్ద జీటీ మీ ఆరోగ్యం కోసమే తినకండి. దిబ్బల మీది సూక్ష్మ నాచు నుంచి వచ్చే సిగువాటెరా విషం వాటి ఒంట్లో పోగుపడి ఉండవచ్చు. రంగు, రుచి, వాసన ఏమీ తేడా ఉండదు, మసాలా దానికి అడ్డు కాదు.

ఏ సొరచేప పడినా, ఏ టేకు చేప పడినా తాడు కోసి వదిలేయండి. వాటిలో చాలావాటికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. సముద్ర దోసకాయలు, నీటిగుర్రాలు, రాకాసి ఆల్చిప్పలకూ అంతే.

శుభ్రం చేసిన చేప వ్యర్థాలను మడ అడవి కాలువల్లోగానీ, జనం స్నానం చేసే బీచి దగ్గరగానీ వేయకండి. వాసనకు ఉప్పునీటి మొసళ్ళు అలవాటు పడతాయి. 2010లో హావ్‌లాక్‌లో మొసలి ఒక పర్యాటకురాలిని చంపింది. బోర్డు పెట్టిన కాలువలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కూడా గాలం వేయకూడదు.

తిరుగు ప్రయాణం

పగడపు ముక్క, శంఖం, గవ్వ ఏదీ సంచీలో వేసుకోకండి, తీరంలో ఊరికే పడున్నదైనా సరే. విమానాశ్రయం స్కానర్‌లో దొరికితే లాక్కుంటారు, రక్షిత జాతిదైతే కేసు పెడతారు. ఖాళీ శంఖం సన్యాసి పీతకు ఇల్లు. దుకాణంలో కొన్నదైతే బిల్లు దగ్గర ఉంచుకోండి.

తెగిన బ్రెయిడ్ తాడు అంగుళం కూడా నీళ్ళలో వదలకూడదు. దశాబ్దాలు కరగదు, తాబేలు మెడకో రెక్కకో చుట్టుకుంటే వదలదు. బోటులో ఒక ఖాళీ నీళ్ళ సీసా పెట్టుకుని, కత్తిరించిన ముక్కలన్నీ అందులో కుక్కండి. దిబ్బకు చిక్కి తెంపక తప్పనప్పుడు, పైనుంచి కోసేయకుండా తాడును ఒక కర్రకు నాలుగు చుట్లు చుట్టి, బోటుతో మెల్లగా లాగండి. లీడర్ ముడి దగ్గర తెగితే రెండు మీటర్లే కింద మిగులుతుంది. పైన కోస్తే వంద మీటర్లు మిగులుతుంది. ఆ సీసాను పోర్ట్ బ్లెయిర్‌లో చెత్తబుట్టలో వేయకుండా సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. చిన్న దీవిలో చెత్తకు చోటు తక్కువ, గాలికి ఎగిరిందేదైనా మళ్ళీ సముద్రంలోకే పోతుంది.